లలిత చెప్పిన లెక్క

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలిన మొదటి రోజున మా కాలేజీ బస్సు గట్టు మీదుగా పోతుంటే కిటికీలోంచి ఒక వాసన వస్తుంది. వేసవంతా ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రు మీదికి కొత్త నీరు ఎక్కుతున్నప్పటి వాసన అది. కుళ్ళిన ఆకు, చేప పొలుసు, నానిన కొబ్బరిపీచు అన్నీ కలిసి ఉంటాయి అందులో. పక్క సీటు మేడమ్ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంటారు. నేను కిటికీ ఇంకాస్త తెరుస్తాను. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు పిల్లలకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చెప్పడం నా ఉద్యోగం. ఆ లెక్కల్లో మొదటి పాఠం నేను నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ కాదు.

నిడదవోలుకు అవతల ఉన్న మా ఊరిని కాలువలు నాలుగు ముక్కలు చేశాయి. నడుమ లాకుల దిబ్బ, దాని చుట్టూ మా వీధి, పేట, కొబ్బరితోటలు. ఏ ముక్కలోంచి ఏ ముక్కలోకి పోవాలన్నా ఒక వంతెన, మొత్తం ఆరు. రెండు ఇటుకలతో కట్టినవి, మిగిలినవి తాటిదుంగలు పక్కపక్కన పరిచినవి. మా నాన్న పోస్ట్‌మ్యాన్. దుంగల వంతెన వచ్చినప్పుడల్లా సైకిలు భుజానికెత్తుకుని, ఉత్తరాల సంచి వీపు మీదికి తోసుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ దాటేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఎత్తిపట్టుకుని గడగడా తాగి, అప్పుడుగానీ మాట్లాడేవాడు కాదు.

నాకు పన్నెండేళ్ళ వయసప్పటి వేసవిలో, ఆవకాయకి అమ్మ మామిడికాయలు తుడుస్తుంటే, నాన్న నన్నూ చెల్లెలు లలితనీ పిలిచి ఒక పందెం పెట్టాడు. "ఎక్కిన వంతెన మళ్ళీ ఎక్కకుండా ఆరూ దాటి ఊరంతా తిరిగే దారి చెప్పండి చూద్దాం. చెప్పినోళ్ళకి గెల ముంజలు."

వారం రోజులు అదే మా ఆట. పొద్దున్నే చద్దన్నం తిని, ఎండ ముదిరేలోపు కాళ్ళు అరిగేలా తిరిగేవాళ్ళం. ఏ దారిన వెళ్ళినా ఏదో ఒక వంతెన మిగిలిపోయేది. ఎండలు మండిపోతున్నాయని అమ్మ గుమ్మం దాటనివ్వకపోతే అరుగు మీద బొగ్గుతో నాలుగు గుండ్రాలు గీసి, వాటి మధ్య చీపురుపుల్లలు వంతెనల్లాగా పరిచాం. దాటిన వంతెన పుల్ల తీసి పక్కన పెట్టేయాలి. నేను గబగబా తీసేసి, ఓడిపోయి, విసుక్కునేదాన్ని. లలిత మాత్రం బోర్లా పడుకుని, చెంప అరుగుకి ఆనించి, పుల్లల్ని చూస్తూ ఉండేది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ముందు పన్ను ఊడి, మాట్లాడితే గాలి పోయేది.

"అక్కా, ఇది కుదరదే," అంది ఒకరోజు. "చూడు, ఒక చోటికి వస్తే ఒక పుల్ల పోద్ది. అక్కడ్నించి వెళ్తే ఇంకోటి పోద్ది. జతగానే పోవాలి కదా. మూడేసి ఉంటే ఒకటి మిగిలిపోద్ది. మొదలెట్టిన కాడా ఆగిన కాడా మిగిలితే పర్లేదు. మనకి నాలుగు చోట్లా మూడేసే ఉన్నాయి."

నేను మళ్ళీ పుల్లలు పరిచి చూశాను. నిజమే. ఎంతసేపు తిరిగినా దొరకని దారి అసలు లేనే లేదని, అది మాటల్లో చెప్పేయొచ్చని తెలిసి ఒళ్ళు జలదరించింది. ఇంతలో నాన్న సైకిలు చప్పుడైంది. లలిత లేచేలోపే నేను వీధిలోకి పరుగెత్తాను.

"నాన్నా, కుదరదు! నేను కనిపెట్టాను!"

లలిత గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. సాయంత్రం ముంజలు తింటుంటే నా పక్కకి జరిగి, "నువ్వే చెప్పుకోలే. నీవి రెండు నాకెట్టు," అంది. పెట్టాను.

మర్నాటి నుంచీ నాన్న ఉత్తరం ఇచ్చిన ప్రతి గుమ్మంలోనూ ఆ కథ చెప్పాడు. "మా పెద్దమ్మాయండి, లెక్కల్లో దిట్టండి," అని.

వానలు పట్టాక లలితకి జ్వరం వచ్చింది. రెండు రోజులు ఊళ్ళోనే మందులిప్పించి, తగ్గకపోతే నిడదవోలు తీసుకెళ్ళారు, అక్కడి నుంచి రాజమండ్రి. నన్ను పక్కింట్లో వదిలి వెళ్ళారు. నాలుగో రోజున నాన్న ఒక్కడే ముందుగా వచ్చి, వాకిట్లో నిలబడి, లోపలికి రావడం మర్చిపోయినవాడిలా అలాగే ఉండిపోయాడు. తర్వాత అమ్మ దాని గౌన్లన్నీ పెట్టెలో సర్ది పైన పెట్టింది. మా ఇంట్లో దాని పేరు ఎత్తడం మానేశాం. ఒకరి కోసం ఒకరం మానేశాం అనుకుంటాను. ఆ లెక్క ఎవరిదో నిజం చెప్పాలంటే ముందు దాని పేరు ఎత్తాలి. అందుకే నేను చెప్పలేదు.

నన్ను ఇంజనీరింగ్ చదివించాలన్న నాన్న పట్టుదలంతా ఆ అబద్ధం మీదే నిలబడింది. రెండో ఏడు గ్రాఫ్ థియరీ మొదలుపెడుతూ లెక్చరర్ బోర్డు మీద నాలుగు చుక్కలు పెట్టి, గీతలు కలిపి, "ఒక్కో బిందువు దగ్గర ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి," అన్నారు. పెద్ద పెద్ద నెట్‌వర్కులన్నిటికీ ఈ చుక్కలూ గీతలే పునాది అని, ఇది వందల ఏళ్ళ కిందటే ఒక మహా మేధావి నిరూపించాడని కూడా చెప్పారు. క్లాసు రాసుకుంటోంది. నేను పెన్ను మూసి, తల బెంచీకి ఆనించి పడుకున్నాను. తలనొప్పి అని చెప్పాను.

ఇప్పుడు ఆ పాఠం ప్రతి ఏడూ నేనే చెబుతున్నాను. "ఇది కోడింగ్‌లో ఎక్కడొస్తుంది మేడమ్?" అని అడుగుతారు పిల్లలు. ఫోన్‌లో దారి చూపించే మ్యాప్ ఎలా పనిచేస్తుందో చెబుతాను. మా ఊరి వంతెనల సంగతి చెప్పను. ఆ దుంగలు ఎప్పుడో పోయాయి. ఒక కాలువ పూడ్చి రోడ్డు వేశారు, లాకుల దిబ్బ మీద ఇళ్ళు లేచాయి.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న ఆదివారం పొద్దున నేను పేపర్లు దిద్దుతుంటే, ఒక దాని మీద చుక్కలూ గీతలూ చూసి, "ఇది నువ్వు చిన్నప్పుడే చెప్పావు కదే," అన్నాడు మురిసిపోతూ. ఆ ముఖం చూసి ఇక దాచలేకపోయాను.

"నేను కాదు నాన్నా. లలిత."

జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పాను. దాని మాటలు అది అన్నట్టే చెప్పాను. నాన్న పేపరు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో చుక్క దగ్గర వేలితో గీతలు లెక్కపెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. తలెత్తి, ఆశగా, "ఇంకేమనేదే అది?" అన్నాడు.

ఎంతో వెతుక్కున్నాను. ఊడిన పన్ను కనిపిస్తోంది, అరుగుకి ఆనిన చెంప కనిపిస్తోంది. మాట మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఇంకేం గుర్తులేదు నాన్నా."

నాన్న నెమ్మదిగా తలూపాడు.

"నాక్కూడానమ్మా," అన్నాడు.