మా ఏసీ వంకర కాదు

మా అత్తకు డెబ్బయ్యెనిమిదో ఏట ఏసీ కావలసి వచ్చింది. అంతకు ముందు ఆమెకు ఆ యంత్రం మీద ఏమాత్రం మంచి అభిప్రాయం లేదు. దాని గాలికి కీళ్ళు బిగుసుకుపోతాయనీ, తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకునేవాళ్ళు ఇరుగుపొరుగుకు పనికిరారనీ చెప్పేది. అలాంటి మనిషి పోయిన ఎండాకాలం కడత్తూరు అనే చిన్న ఊళ్ళో చెల్లెలి మనవరాలి నిశ్చితార్థానికి వెళ్ళి, వాళ్ళింట్లో ఏసీ గదిలో రెండు రోజులుండి వచ్చింది. బస్సు దిగి, ఇంట్లోకి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొడుకుని పిలిచింది.

"కడత్తూరులో ఉండేవాళ్ళకు ఏసీ ఉండాది. ధర్మపురిలో ఉండే మనకు లేదు. నలుగురు అడిగితే నేనేమి చెప్పేది?"

"నలుగురు ఎందుకమ్మా అడుగుతారు?" అన్నాడు మా ఆయన.

"వాళ్ళు అడగకపోయినా నేను చెప్పాల గదా!"

మా ఆయనది పాత్రల అంగడి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్టీలు బిందెల మధ్య చెమటలు కక్కుతూ కూర్చునే ఆయనకు నిజానికి ఏసీ అంటే విరోధం లేదు. ఆయన బెంగంతా గోడ గురించి. మా ఇల్లు ఆయన తాత కట్టించింది. సున్నపు గోడలు, పైన దూలాలు. ఆ గోడకు రంధ్రం పెడితే ఇల్లంతా పగులుతుందని భయం.

"ఈ గోడకు మేకు కొట్టాలన్నా తాత ఒప్పుకొనేవాడు కాదమ్మా," అన్నాడు.

"మీ తాత నాకు మామ. ఆయనకు చెమట పడితే విసనకర్ర పట్టుకొని విసిరింది నేను. ఆయన అడ్డం చెప్పడు లే," అంది మా అత్త.

దాంతో ఆ విషయం తేలిపోయింది. మరుసటి వారం ఏసీ ఇంటికి వచ్చింది. ఆ మరునాడు ఉదయం దాన్ని బిగించే మనిషి వచ్చాడు.

నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చాలా మందపాటి కళ్ళద్దాలు. జారిపోకుండా వాటిని వెనకాల నల్లతాడుతో కట్టుకున్నాడు. బండి మీదున్న రెండు సంచులు దించి, చెప్పులు బయట వదిలి, "వణక్కం మా. ఎంద రూము?" అన్నాడు. నేను పడకగది చూపించాను.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. ధర్మపురి తమిళ ఊరు. మా తెలుగువాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కాబట్టి బయటివాళ్ళ ముందు చెప్పుకోకూడని మాటలన్నీ మావాళ్ళు హాయిగా తెలుగులో చెప్పుకుంటారు. అంగడిలో బేరం చేసే మనిషి ఎదురుగానే అతని పీనాసితనం గురించి మా ఆయన నాతో తెలుగులో అంటాడు. ఆటోలో కూర్చుని ఆటో నడిపే అతని గురించి మా అత్త గట్టిగా మాట్లాడుతుంది. నేను కుప్పం వైపు పుట్టినదాన్ని. మా ఊళ్ళో ఏ మాట అన్నా అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఈ సుఖం నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. తెలిశాక బాగానే అలవాటు పడ్డాను.

ఆ మనిషి గోడ మీద పెన్సిలుతో గుర్తు పెడుతుండగానే మా అత్త గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అమ్మణ్ణీ, వీని కండ్లద్దాలు చూస్తివా? సీసా అడుగు మాదిరి ఉండాయి. వీనికి గోడ కనిపిస్తుందా, లేదా?"

"మెల్లగా అత్తా."

"మెల్లగా ఎందుకు? వానికి మన మాట ఏమి తెలుస్తుంది?"

ఆ మనిషి డ్రిల్లు మొదలుపెట్టాడు. గోడలోంచి ఎర్రటి ఇటుకపొడి, తెల్లటి సున్నం కలిసి గులాబీ రంగులో నేల మీద పడ్డాయి. మా ఆయన ఆ రోజు అంగడికి కూడా పోకుండా, జ్వరం వచ్చిన బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసినట్టు గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పది నిమిషాలయింది. పావుగంటయింది. డ్రిల్లు అవతలికి పోలేదు. ఆ మనిషి ఆగి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

"చేతుల్లో సత్తువ లేదు వీనికి," అంది మా అత్త. "పెండ్లాము రాగిసంగటి పెట్టదు మాదిరి ఉండాది."

ఆ మాట అంటూనే లేచి వెళ్ళి పెద్ద లోటాడు మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగాడు. రెండో లోటా కూడా తెచ్చింది. అదీ తాగాడు. "చూడు, ఇసకలో పోసినట్టు పోతా ఉండాది," అంది సంతోషంగా. తిట్టిన నోటితోనే తినమనడం మా అత్త పద్ధతి.

మొత్తానికి ముప్పావు గంటకు రంధ్రం అవతలికి పోయి, అందులోంచి పెరటి వెలుతురు ఒక గుండ్రటి బిళ్ళలా కనిపించింది. ఇల్లు పగల్లేదు. మా ఆయన గోడ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ మనిషి ఇనప పలక బిగించి, దాని మీద పొడుగాటి తెల్ల ఏసీని తగిలించి నిచ్చెన దిగాడు. అప్పుడు మేం ముగ్గురం వాకిలి దగ్గర నిలబడి తల ఎత్తి చూశాం.

ఏసీ వంకరగా ఉంది.

దాని పైన జానెడు ఎత్తులో గోడ పొడుగునా ఒక దూలం పోతుంది. ఏసీకీ దూలానికీ మధ్య జాగా ఎడమవైపు తక్కువగా, కుడివైపు ఎక్కువగా ఉంది. నేను బళ్ళో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబుతాను. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద సమాంతర రేఖలు గీస్తున్నదాన్ని. నాకు ఆ దృశ్యం భరించరానిదిగా అనిపించింది. లోపలికి వెళ్ళి స్కేలు తెచ్చి, నిచ్చెనెక్కి, రెండు వైపులా కొలిచి, రెండు అంగుళాల తేడా ఉందని ప్రకటించాను.

ఆ మనిషి జేబులోంచి రసమట్టం తీసి ఏసీ మీద పెట్టాడు. అందులోని బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. "బబుల్ పారుంగ మా," అని చూపించి, ఏసీ సరిగ్గానే ఉందనీ, పైన దూలమే ఎడమవైపు దిగిపోయిందనీ తమిళంలో చెప్పాడు.

మా ఆయనకు రోషం వచ్చింది. "మా తాత పెట్టిన దూలం వంకరంట! విన్నావా?" అన్నాడు నాతో తెలుగులో.

"ఆ బుడగకూ వీని మాదిరే కండ్లు తెలీదు," అంది మా అత్త.

"వంకరగా పెట్టేసి సాకులు చెప్తున్నాడు," అన్నాను నేను. అవును, నేనే అన్నాను. టీచర్ని, చదువుకున్నదాన్ని, చేతిలో స్కేలు పట్టుకుని మరీ అన్నాను.

ఎడమ పక్క దించితే నీళ్ళు అటువైపు చేరతాయనీ, నీళ్ళు బయటికి పోయే గొట్టం కుడివైపు ఉందనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. "తణ్ణి ఉళ్ళ ఒళుగుం మా," అన్నాడు. నీళ్ళు గదిలోకి కారతాయట. మేం వినలేదు. దూలానికి సరిగ్గా పెట్టమన్నాం. ఆయన ఒకసారి ముగ్గురి వైపూ చూసి, ఏసీ దించి, పలక ఎడమ పక్క మేకులు మార్చి, మళ్ళీ తగిలించాడు. వాకిలి దగ్గర నుంచి చూస్తే నల్లబల్ల మీద గీసినట్టు ఎంత ముచ్చటగా ఉందో!

తర్వాత మేడ మీద పెద్ద పెట్టె అమర్చి, రాగి గొట్టాలు కలిపి, ఏసీ వేసి చూపించాడు. చల్లటి గాలి వచ్చింది. మా అత్త శాలువా కప్పుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, ఇంకా చల్లగా పెట్టమంది. ఆయన సంచులు సర్దుకుని, నాకు ఫోను నంబరు ఇచ్చి, చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం భోంచేసి ముగ్గురం ఆ గదిలోనే నడుం వాల్చాం. ఏసీ ఎడమవైపు కింద మా ఆయన, మధ్యలో నేను, అవతల మంచం మీద అత్త. ఉన్నట్టుండి మా ఆయన లేచి కూర్చుని చెవి తడుముకున్నాడు. "వాన!" అన్నాడు. బయట ఎండ పెనం మీద పొగలాగా లేస్తోంది. ఇంకో బొట్టు ఆయన ముక్కు మీద పడింది. తలెత్తి చూస్తే ఏసీ ఎడమ మూల నుంచి నీళ్ళు వరసగా దిగుతున్నాయి.

పాత్రల అంగడివాళ్ళ ఇంట్లో గిన్నెలకు కరువేముంది! ముందు చిన్న గిన్నె పెట్టాం, తర్వాత బేసిను, తర్వాత బిందె. ఒక్కోదానిలో ఒక్కో మోత.

"ఏసీ ఆపేద్దామమ్మా," అన్నాడు మా ఆయన.

"ఎందుకు? నా మీద పడలేదు గదా. నువ్వు కొంచెం జరిగి పండుకో," అంది మా అత్త.

చివరికి ఫోను చేసే పని నాకే అప్పగించారు. నేను తమిళంలో మొదలుపెట్టి, ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయని చెప్పాను.

"ఎడమ పక్కనుంచేనా అక్కా?" అన్నాడాయన.

"ఆ, ఎడమ పక్కే. పొద్దున బాగానే ఉంది, ఇప్పుడే మొదలైంది. బిందె నిండేలాగుంది," అన్నాను. ఇంకో రెండు మాటలు కూడా చెప్పాక అప్పుడు తట్టింది. ఆయన తెలుగులో అడిగాడు. నేను తెలుగులో చెబుతున్నాను.

"మీకు... తెలుగు వస్తుందా?"

"మాది కంబైనల్లూరు పక్కన అక్కా. మేమూ తెలుగోళ్ళమే. నాలుగు గంటలకు వస్తా," అని పెట్టేశాడు.

సంగతి చెప్పగానే మా ఆయనకు అంగడిలో అర్జంటు పని గుర్తొచ్చింది. ఆదివారం అంగడి మూసి ఉంటుందని గుర్తు చేసేలోపే చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. మా అత్త మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత మెల్లగా, "నేను ఏమేమి అన్నా?" అంది.

"కళ్ళద్దాలు సీసా అడుగులన్నారు. బుడగకు కళ్ళు తెలీదన్నారు. చేతుల్లో సత్తువ లేదన్నారు. మజ్జిగ ఇసకలో పోసినట్టన్నారు."

"పెండ్లాము మాట కూడా అంటినా?"

"అన్నారత్తా."

ఆమె కొంగు బిగించి లేచింది. "అట్లయితే సంగటి చేస్తా. నువ్వు పులుసు చెయ్యి," అంది.

నాలుగు గంటలకు ఆయన వచ్చేసరికి మా అత్త గడప దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె వెనకాల, కనిపించీ కనిపించకుండా.

"నాయనా, నోరు జారినా. ముసిలిదాన్ని, మనసులో పెట్టుకోవద్దు. మొదటిరోజే నువ్వు ఒక మాట చెప్పుంటే నా నోరు నేను పట్టుకొనుంటా కదా?"

"అందుకే చెప్పలేదవ్వా," అన్నాడాయన, చెప్పులు విడుస్తూ. "చెప్తే అందరూ గమ్మున అయిపోతారు. మా అమ్మ కూడా ఇంతే. నేను ఏ పని చేసినా పక్కనే కూచోని తిడతా ఉండె. ఆమె పోయి నాలుగేండ్లాయె. నా పెండ్లాము సేలం పక్క, తమిళం. పిల్లోళ్ళకూ తెలుగు రాదు. ఇంట్లో ఇప్పుడు తెలుగు మాట్లాడేవాళ్ళే లేరు. ఆ పొద్దు మీరు తిడతా ఉంటే ఇంకొంచెం సేపు విందామనిపించినాది."

మా అత్త ఆయన చేతిలోని సంచి అందుకుని తనే లోపల పెట్టింది. నేను మాట మార్చడానికి, "అందుకేనా రంధ్రం పెట్టడానికి అంతసేపు పట్టింది?" అన్నాను.

"లేదక్కా. గోడ నిజంగానే గట్టిది."

ఆ మాట వినడానికే అన్నట్టు మా ఆయన సరిగ్గా అప్పుడే వీధిలోంచి లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోయింది.

"మరి నీళ్ళు కారతాయని తెలిసీ ఎందుకు మార్చారు?" అని అడిగాను.

"చెప్తిని కదక్కా. మీరు స్కేలు తెస్తిరి. టీచరమ్మ స్కేలు తెచ్చినంక ఎవురు ఎదురు మాట్లాడతారు?"

ఈసారి ఆయన సన్నటి పారదర్శకపు గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస మా ఆయన చేతికిచ్చి, ఏసీ రెండు కొసలకు నేరుగా పైన దూలానికి పట్టి చూపించాడు. రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తున నిలిచాయి. దూలమే ఎడమ పక్క రెండంగుళాలు కిందకి ఉంది. మా ఆయన మొహం చిన్నబోయింది.

"వంకర అనకూడదు సార్," అన్నాడాయన. "ఇన్నేండ్లు కప్పు మోసినాది కదా, కొంచెం అలిసిపోయినాది."

ఏసీని మళ్ళీ సమంగా బిగించాడు. నీళ్ళు బుద్ధిగా కుడివైపు గొట్టంలోకి పోయాయి. తర్వాత నేల మీద కూర్చుని సంగటి తిన్నాడు. మా అత్త ఎదురుగా కూర్చుని, ముద్ద మీద ముద్ద వేస్తూ, "నీ పెండ్లాము చేసేది బాగుంటుందా, ఇది బాగుంటుందా?" అంది.

"మీరన్న మాట ఆమెకు ఇంకా చెప్పలేదవ్వా. చెప్పమంటారా?"

"వద్దు నాయనా!" అని ఆమె రెండు చేతులూ జోడించింది. మేమంతా నవ్వాం. ఆయన నవ్వితే అద్దాలు ముక్కు మీదకు జారాయి.

ఇప్పుడు మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ గదిలోకి తొంగిచూసి, ఏసీ కొంచెం వంకరగా ఉందంటారు. మా ఆయన వెంటనే నీళ్ళ గొట్టం తెస్తాడు. ఒకటి కొని ఇంట్లోనే పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళ చేతికి ఒక కొస ఇచ్చి నిలబెట్టి, కాఫీ చల్లారిపోయేదాకా వదలడు.

ఏసీలో దుమ్ము పట్టే జల్లెడను ఇంట్లోనే ఎలా కడుక్కోవాలో ఆ మనిషి నాకు నేర్పించాడు. రెండు నిమిషాల పని. మా అత్త మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు. మూడు నెలలకోసారి ఆయనకే ఫోను చేయిస్తుంది. ఆయన వచ్చి నిచ్చెన ఎక్కగానే కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పోయినసారి ఆయన పని చేసింది పది నిమిషాలు. కిందికి దిగి, ఆమె పక్కన గోడకానుకుని కూర్చుని, ఇంకో గంటసేపు తిట్లు తిన్నాడు.