సొంత బోరు నీళ్లు

తొంభైల చివర్లో, శామీర్‌పేట పక్కనున్న మా పొలం ప్లాట్లవాళ్లకు అమ్మేశాక, నాయిన ఒక పాత కారు కొన్నాడు. మేడ్చల్‌లో దాన్ని టాక్సీగా తిప్పి ఇల్లు నడపాలనుకున్నాడు. అమ్ముకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి అదే మాకు ఆఖరి దారి.

దాని ఇంజను బ్లాకు ఇనుముది కాదు, అల్యూమినియంది. తేలిక, పెట్రోలు తక్కువ తాగుతుంది అని కారు అమ్మినతను చెప్పాడు. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పలేదంతే.

నాయినకు తెలిసింది ట్రాక్టరు. దాని రేడియేటరులో ఏళ్ల తరబడి మా బోరు నీళ్లే పోశాడు, ఆ ఇనుము కిమ్మనలేదు. కారుకూ అదే మర్యాద చేశాడు. పొలం కొన్నవాళ్లు మా బోరు దగ్గర ఇంటికీ కారుకూ నీళ్లు పట్టుకోనిచ్చేవారు, డిక్కీలో ఎప్పుడూ ఆ క్యాన్లే ఉండేవి. ఇంజను పాడవకుండా రేడియేటరులో పోసే కూలెంట్ కొనమంటే, రంగునీళ్లకు ఎవరైనా పైసలు పెడతారా అని నవ్వేవాడు. నిజానికి మా నీళ్లు ఉప్పన. మా అవ్వ సత్తు గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, పులుసు రాత్రంతా ఉంచనిచ్చేది కాదు, చిల్లులు పడతాయని. కారు ఇంజనుదీ ఆ సత్తేనని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మరుసటి వేసవిలో, నాయినా నేనూ మేడ్చల్ నుంచి ఒక పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కండ్లకోయ దగ్గర బండి పొగలు కక్కింది. నాయిన పరేషానై, కాలుతున్న ఇంజను మీదే క్యాను కుమ్మరించాడు. ట్రాక్టరుకైతే అలాగే చేసేవాడు. పెద్దావిడను ఆటో ఎక్కించి, కారును తాడు కట్టి మెకానిక్ దగ్గరికి లాక్కొచ్చాం.

మెకానిక్ ఇంజను విప్పి చూపించాడు. నీళ్లు తిరిగే దారులన్నీ పుచ్చుపళ్లలా చిల్లులు పడి ఉన్నాయి. పైభాగం వేడికి, మీద పడ్డ చన్నీళ్లకు వంగిపోయింది. ఇనుమైతే ఏదో ఒకటి చేసి నడిపించేవాణ్ని, దీనికి కొత్త బ్లాకే వేయాలి, అది కారు కంటే ఖరీదు అన్నాడు.

"ఏం నీళ్లు పోసినవ్ పటేలా?" అని అడిగాడు.

"మా బోరు నీళ్లే. గా నీళ్లు తాగే నా పిల్లలు పెరిగిన్రు" అన్నాడు నాయిన.

నాకు నాయిన మీద ఒళ్లు మండింది. ఆయన ముఖం చూస్తే ఏడుపొచ్చింది.

కారు తుక్కుకు పోయింది. మా పొలంలో లేచిన కాలనీకే నాయిన వాచ్‌మన్‌గా కుదిరాడు. పొద్దున్నే ఆ బోరు మోటారు వేసి, గేటు దగ్గర పూలమొక్కలకు నీళ్లు పట్టేవాడు. ఇంటికి మాత్రం ఆ నీళ్లు మళ్లీ తేలేదు.