కడగని స్ప్రేయరు

నరసరావుపేటలో మా వీధి చివర చెత్త పోసే ఖాళీ స్థలం ఒకటి ఉండేది. దాని యజమానిని ఒప్పించి, కూరగాయల తోట వేద్దామని వీధిలో వాళ్లను పోగుచేసింది నేనే. బడిలో సైన్స్ చెబుతాను కాబట్టి నా మాట విన్నారు. ఎనిమిది ఇళ్లవాళ్లం ఆదివారం పొద్దున్నే వెళ్లి గాజుపెంకులు ఏరాం, మట్టి తోలించాం, టమాటా, వంగ నాటాం.

అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది మా వీధిలోనే ఉండే మెకానిక్ గారి భార్య. ఆమెను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె రోజూ వచ్చేది. ఎండలు ముదిరి కుళాయి నీళ్లు తగ్గాక, బియ్యం కడిగిన నీళ్లు బిందెతో మోసుకొచ్చి మొక్కలకు పోసేది.

పూత వేళకు పేనుబంక పురుగు పట్టింది. నూజెండ్లలో వ్యవసాయం చేసే మా తమ్ముడి దగ్గర్నుంచి స్ప్రేయరు తెచ్చి, వేపనూనె కలిపి నేనే కొట్టాను. మూడు రోజులకు ఆకులు మెలితిరిగాయి. తర్వాత మొక్కలన్నీ వడలిపోయాయి.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"దాంతో కలుపు మందు కొట్టినాం గదక్కా. కడిగే వాడావా?"

నేను కడగలేదు.

ఆ ఆదివారం అందరూ చచ్చిన మొక్కల చుట్టూ నిలబడ్డారు. "ఏందిది? సబ్బు నీళ్లేమన్నా పోశారా?" అన్నాడు ఒకాయన. చూపులన్నీ పిన్ని చేతిలోని బిందె మీదకు పోయాయి.

"బియ్యం కడిగిన నీళ్లేనయ్యా. టీచరమ్మా, నువ్వు చెప్పు, వాటికి చస్తాయా మొక్కలు?"

నాకు నిజం తెలుసు. అయినా, "ఏమో పిన్నీ, వాటిలో ఉప్పో సబ్బో కలిసిందేమో" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, బిందె తీసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ నారు పోశాం. పిన్ని రాలేదు. వాళ్ల గుమ్మం ముందునుంచి వెళ్లలేక బడికి చుట్టుదారిన పోయేదాన్ని. నెల తిరిగాక ఇక ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో పప్పు ఏరుతోంది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "అంతమందిలో అంటివి. ఇప్పుడు నా వంటింట్లో చెబితే ఏం లాభం? మా ఆయన కూడా, నిజంగా సబ్బు నీళ్లే పోశావా అని అడిగాడు."



తర్వాతి ఆదివారం తోటలో అందరి ముందూ చెప్పాను. తిడతారనుకున్నాను. "పోన్లెండి టీచర్, తెలియక జరిగిందేగా" అన్నారు. పిన్నిని అనుమానించిన రోజు ఆమెతో ఆ మాట ఒక్కరూ అనలేదు. నాకు అంత తేలిగ్గా దొరికిన మన్నింపు కింద ఇంకా కుంగిపోయాను. ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఆమెను రమ్మన్నాను.

"మీ తోట మీరు చూసుకోండమ్మా. నాకు మా మిద్దె మీద పుదీనా చాలు" అంది.

ఇప్పుడు వంకాయలు బాగా కాస్తున్నాయి. వారం వారం ఆమె వాటా నేనే తీసుకెళ్తాను. తలుపు తీసి అందుకుంటుంది. లోపలికి రమ్మని మాత్రం అనదు.