కదిలితే మసకొస్తాది

ఆ రోజుల్లో మా వైపు ఫోటో దిగాలంటే ముందు ఊపిరి ఆపాలి. మా చిన్నాయనకు (మా నాయన తమ్ముడు) రాయదుర్గంలో రేకుల కప్పు కింద ఫోటో స్టూడియో ఉండేది. కెమెరా పాతది, వెలుతురు చాలదు. ఆయన మూత తీసి మళ్ళీ పెట్టేదాకా ఎదుట కూర్చున్నవాళ్ళు రెప్ప వేయకూడదు. కదిలితే ముఖం మసకే. ఒక పెళ్ళి ఫోటోలో అలా మసకబారిన పెద్దమనిషి ఆ ఏడే పోయాడు. (ఆయనకు అప్పటికే క్షయ. ఈ మాట ఎంతమందికి చెప్పినా నా మాట ఎవరూ వినలేదు.) దాంతో మా పల్లెలో ఒక నమ్మకం స్థిరపడింది: ఫోటోలో కదిలినవాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారు.

యాభైలలో, నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, పెద్ద కరువు. కరువు పనులు చూసే పెద్ద అధికారి ఒకాయన చిన్నాయనను పిలిచి, తాళం తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా చేతికిచ్చి, "మీ పల్లె ఎట్లుందో తీసుకొని రా. మావాళ్ళు కళ్ళారా చూస్తే గంజి కేంద్రం పెట్టిస్తాను" అన్నాడట. రీలు ఒక్కటే ఇచ్చాడు. మూడు నిమిషాలకు కాస్త తక్కువ.

ఎండిన వంక (వాగు) ఇసుకలో ముప్పై ఏడుగురు వరసగా నిలబడ్డారు. (చిన్నాయన చివరిదాకా యాభై మంది అనేవాడు. లెక్కపెట్టింది నేను.) ఫోటో అన్నారు కదా అని పెట్టె అడుగున ఉన్న మంచి బట్టలన్నీ బయటికి తీశారు. తలకు నూనె లేదు, నీళ్ళు లేవు, ఉమ్మి తడి చేసుకుని దువ్వుకున్నారు. మా జేజి, అంటే చిన్నాయనను కన్నతల్లి, తన పెళ్ళినాటి ధర్మవరం చీర కట్టుకుని ముందు వరసలో నిలబడింది. చిన్నాయన కెమెరా తిప్పుతూ బతిమాలాడు. "నడవండప్పా. ఆ ఖాళీ బిందెలెత్తుకొని ఇట్లా రాండి. ఇది సినిమా, కదలల్ల."

వరసలోంచి తలారి పెదవులు కదపకుండా అన్నాడు. "ఎవరూ కదలాకండి. ముందర కదలమంటాడు, మళ్ళ మసకొచ్చిందంటాడు. ఈయప్ప సంగతి నాకు తెలుసు."

"కెమెరా వెనకాల నిలబడేటోనికి ఏమి? పోయేది మనం గదా" అంది పక్కనున్నామె, ఆమె కూడా పెదవులు కదపకుండానే.

సగం రీలు ఇలాగే పోయింది. అప్పుడు జేజి పక్కకు ఒరిగింది. ముందురోజు పగటిపూట తిన్న సంగటి ముద్దే ఆమెకు ఆఖరు, అందులోనూ సగం నాకు పెట్టింది. దాని మీద ఊపిరి కూడా బిగబట్టింది. చెట్టు కొమ్మ వాలినంత మెల్లగా ఇసుకలో పడిపోయింది. వరసలో ఒక్కరూ కదల్లేదు, కళ్ళు మాత్రం అటు తిరిగాయి. చిన్నాయన కూడా మీట మీది వేలు తీయలేదు. కెమెరా తనంతట తాను ఆగిన తర్వాతే పరుగెత్తాడు.

జేజి కళ్ళు తెరిచి, "కదిలినా గదరా. నీ ఫోటో చెడిపాయనా?" అంది.

"లేదమ్మా. బాగొచ్చినాది."

"మసకొచ్చింటాది లే. నాకింగ ఏడాదే."

ఆఫీసులో తెర మీద ఆ రీలు వేశారు. రాళ్ళలాగా జనం, గాలికి ఊగే కొంగులు, పడిపోయిన ఒక ముసలామె. చూసినవాళ్ళలో ఒకాయన, "ఆమెకు దుడ్లిచ్చి పడమన్నావా?" అని అడిగాడట. "మా అమ్మ సార్" అన్నాడట చిన్నాయన. గంజి కేంద్రం వచ్చింది. జేజి ఇక పోతానని ముక్కుపుడక నాకు ఇచ్చేసింది. రెండో ఏడు కూడా బతికే ఉండేసరికి వెనక్కి అడిగి తీసుకుంది.

ఆ రీలు పుణ్యమా అని చిన్నాయన మద్రాసు చేరాడు. అరవైలలో పెద్ద కెమెరామన్ అనిపించుకున్నాడు. యుద్ధాలు తీశాడు, పెళ్ళిళ్ళు తీశాడు. ఎవరైనా పడిపోయే దృశ్యం ఉన్న రోజు మాత్రం అసిస్టెంటుకు కెమెరా ఇచ్చి, బయట బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడట. "మీట మీద పెట్టిన వేలు నాకు తియ్యను చేతకాదు పాపా" అన్నాడు నాతో ఒకసారి.

ఇప్పుడు మా మనవరాలు నావైపు ఫోను తిప్పుతుంది. "అవ్వా, వీడియో ఇది, ఏమన్నా మాట్లాడు" అంటుంది. నాకు అన్నీ తెలుసు. క్షయ సంగతి కూడా తెలుసు. అయినా ఆ పిల్ల ఫోను దించేదాకా ఊపిరి బిగబట్టే కూర్చుంటాను.