కుళాయి కింద గొయ్యి

ముప్పయ్యేళ్లు సైన్సు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. కుళాయి కింద గొయ్యి తవ్వితే ఏమవుతుందో నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. నమ్మనక్కర్లేదు, తెలిసే తవ్వాను.

గజపతినగరానికి దగ్గర్లో మా ఊరు. మంచినీళ్ల ట్యాంకు కట్టించి, నడుపుకునే బాధ్యత ఊరికే అప్పగించారు. మేమూ ఊరికే వదిలేశాం. నీటి కమిటీకి నేను కార్యదర్శిని, మా బావ అధ్యక్షుడు. మొదటి గొయ్యి ఆయనదే. నేల మీద మూరెడెత్తున ఉండే కుళాయిని నడుంలోతు గోతిలోకి దించాడు. అలా దించితే ధార లావుగా వస్తుంది, వెనకున్నవాళ్లకి సన్నబడుతుంది. అడగడానికి వెళ్తే నన్నే అడిగాడు.

"నీరు పల్లమెరుగు అని పిల్లలకి సెప్పినోడివి, నీ కుళాయి అంతెత్తున ఎట్టుకున్నావేటి బావా? సదువు ఇస్కూల్లోనే ఒగ్గీసినావా?"

మర్నాడే నేనూ తవ్వించాను. కార్యదర్శే తవ్వాక ఇంకెవరాగుతారు? ఏడాది తిరిగేసరికి మా వీధి పొడవునా గోతులే. ఊరి చివర చర్చి వీధికి నీళ్లు ఆగిపోయాయి. అక్కడ ఒంటరిగా ఉండే ముసలమ్మ పొలం బోరు నుంచి బిందె మోసుకుపోతూ మా గుమ్మం దగ్గర ఆగేది.

"మా కుళాయికి గాలొస్తన్నాది మేస్టారూ. ఈల కూడా ఏస్తన్నాది."

నేను నవ్వేసేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది.

వానాకాలం వచ్చింది. గోతుల్లో అంట్లనీళ్లూ బురదా నిండి కుళాయిలు మునిగాయి. ట్యాంకు నుంచి నీళ్లు ఆపేయగానే ఖాళీ గొట్టం ఆ మురుగును లోపలికి పీల్చుకునేది. వానలకి మా వీధిలో వాడకం తగ్గడంతో చర్చి వీధికి ఎట్టకేలకు నీళ్లు వెళ్లాయి. వాటితో పాటు మా మురుగూ వెళ్లింది. ముసలమ్మ వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలై, సెలైన్లు ఎక్కించుకుని ఇంటికొచ్చింది. చూడ్డానికి వెళ్లాను.

"ఇన్నాళ్లూ నీళ్లు రాలేదని ఏడిసినాను బాబూ. ఒచ్చినందుకూ ఏడాలని తెల్నేదు."

ఆ రోజే నా గొయ్యి పూడ్పించి, కుళాయి పైకెత్తించాను. బావ పకపకా నవ్వాడు. "నీ గొయ్యి నువ్వు కప్పెట్టుకున్నావు. మా గోతుల్తో నీకేటి పని?"

తర్వాతి వారం బడి వరండాలో కమిటీ మీటింగు. బావ చర్చి వీధివాళ్లకి శుభ్రత గురించి గంటసేపు చెప్పాడు. చేతులు బాగా కడుక్కోమన్నాడు.

"దేంతో కడుక్కోమంతావు బాబూ?" అంది ముసలమ్మ.

గంటసేపు మాట్లాడిన బావ, మంచినీళ్లిమ్మన్నట్టు నాకేసి చూశాడు. ఆ చూపు కోసమే పొద్దున్నించీ ఒక చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గ్లాసు నింపి ఇచ్చాను. ఆయన పెదవుల దాకా ఎత్తాక అన్నాను:

"చర్చి వీధి కుళాయివి బావా. మన వీధి గోతులన్నీ చూసుకునే అక్కడికెళ్లాయి. నీకు ఎరికైన నీళ్లే, తాగు."

గ్లాసు గాలిలో ఆగింది. తాగితే రోగం. పారబోస్తే ముసలమ్మ ఎందుకు పడకేసిందో అందరి ముందూ ఒప్పుకున్నట్టే.

"తాగు బాబూ, మేం తాగనేదేటి?" అంది ముసలమ్మ, మెల్లగా.

బావ తన గొయ్యి ఈనాటికీ పూడ్చలేదు. కానీ ఆ రోజు మీటింగు ముగిసేదాకా నిండు గ్లాసు పట్టుకుని, చుక్క ఒలకకుండా కూర్చున్నాడు. నీళ్లని ఆయన అంత జాగ్రత్తగా చూసుకోవడం అదొక్కసారే చూశాను.