ముప్పై ఆరు అని చెప్పేదాన్ని

నా బ్రా సైజు ముప్పై ఆరు అని నాకు మొదట ఎవరు చెప్పారో గుర్తు లేదు. పెళ్లినాటి నుంచి అదే అంకె. మా ఇంట్లో ఆడవాళ్ల ఒంటికి టేపు తగలడం పద్ధతి కాదు. దర్జీ ముందు చేతులెత్తి నిలబడటం మా గడపలో ఏ తరానికీ అలవాటు లేదు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కొత్త గుడ్డతో పాటు అతనికి పంపేవాళ్లం. దాన్ని ఆది జాకెట్టు అంటారు. అతను దాన్ని బల్లమీద పరుచుకుని కొలుచుకునేవాడు. నా ఆది జాకెట్టు ఛాతీ కొలత ముప్పై ఆరు. కాబట్టి బ్రా కూడా ముప్పై ఆరే. అందులో తప్పు ఉండవచ్చని మా అమ్మకు తోచలేదు. నాకూ తోచలేదు.

కడప జిల్లాలో మాది పేరున్న కుటుంబం. ఒకప్పుడు, అనాలి. దాయాదుల వ్యాజ్యం మా తాతగారి కాలంలో మొదలై మా నాన్న కాలంలో ముగిసింది. ముగిసేనాటికి మాకు మిగిలింది ఇంటిపేరు ఒక్కటే, దాన్ని మోయడానికి నేనొక్కదాన్నే. భర్త పోయాక కువైట్ వచ్చి, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. మా ఊరి చుట్టుపక్కల అయినా పని దొరికేది. కానీ అక్కడ నన్ను ఎరిగినవాళ్ల వంటింట్లో గిన్నెలు తోమాలి. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే తోమగలిగాను. ఇంటావిడను పనివాళ్లందరిలాగే మామా అని, అంటే అరబ్బీలో అమ్మా అని, పిలిచేదాన్ని. ఆమె నాకన్నా నాలుగేళ్లు చిన్నది.

రంజాన్‌కు ముందు మామా బీరువాలు ఖాళీ చేయిస్తుంది. నేను చేరిన ఏడే ఒక పెద్ద కవరు నా చేతికిచ్చింది. గౌన్లు, స్కార్ఫులు, వాటి కింద ఐదారు బ్రాలు. ఒకటి రెండింటికి దుకాణం చీటీ కూడా ఊడలేదు. గౌన్లను వంటమనిషికి ఇచ్చేశాను. బ్రాలను మడిచి మామా మంచం మీద తిరిగి పెట్టాను. మా ఇంట్లో ఒకరు విడిచినవి ఇంకొకరు కట్టుకోలేదు. లోపలివి అసలే కట్టుకోలేదు. నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో "వద్దు మామా, నాకున్నాయి" అన్నాను. ఆమె తలూపింది. మరుసటి ఏడూ అలాగే ఇచ్చింది, నేను అలాగే తిరిగి పెట్టాను. నాలుగేళ్లు ఇదే జరిగింది. ఆ నాలుగు సార్లూ నా గదిలోకి వచ్చాక నాకు ఒక తృప్తి ఉండేది. ఈ ఇంట్లో నాకు దక్కిన తృప్తి ఏడాదికి అదొక్కటే.

నాలుగో ఏడు నా కుడిచెయ్యి మొద్దుబారడం మొదలైంది. చిటికెన వేలి నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టుండేది. ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే పది నిమిషాలకు వేళ్లు నావి కావు. ఒక సాయంత్రం మామా స్నేహితురాళ్లు వచ్చారు. నేను గహ్వా గిన్నెల పళ్లెం తీసుకెళ్తుంటే చెయ్యి వదిలేసింది. వేడి కాఫీ ఒకావిడ చెప్పుల మీద పడింది. అతిథులు వెళ్లాక మామా వంటింటి గుమ్మంలో నిలబడి నిదానంగా చెప్పింది. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, గడువు రంజాన్ తర్వాతి నెలలో తీరుతుంది. అప్పటికి చెయ్యి బాగైతే కొత్తది వేయిస్తుంది. లేకపోతే ఖలాస్, పని అయిపోయినట్టే, టికెట్ కొని ఇస్తుంది, నేను ఇంటికి వెళ్లవచ్చు.

ఇంటికి అన్నది. ఏ ఇంటికో ఆమె అడగలేదు.

క్లినిక్‌లో డాక్టరు మాత్రలిచ్చి, వారం రోజులు బరువులు ఎత్తవద్దన్నాడు. ఆ మాట విని మా వంటమనిషి చాలాసేపు నవ్వింది. ఆమెది రాయచోటి, ముస్లిం. ఈ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంది. నా నడక చూసి నాకు దొరసానమ్మ అని పేరు పెట్టింది ఆమే. ఆ రోజు భుజానికి బామ్ రాస్తానని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్టు జరిపి చూసి, నవ్వు ఆపేసింది.

"ఏందక్కా ఇది? భుజం మీద కాలవ తవ్వినట్టుండాది. వేలు పెడితే దిగబడతాండాది."

"పట్టీ ఒరుసుకుని ఉంటుందిలే."

"ఒరుసుకోవడం గాదు, కోసుకుంటాండాది. ఇంత బిగించుకుంటే చేతికి రగతం యాడ పారతాది? కింద చూస్తే పట్టీ ఈపు మీదికి ఎక్కి కూచునుండాది. ఎంత సైజు ఏసుకుంటావు నువ్వు?"

చెప్పాను.

"ఎవురు కొలిచినారు?"

జాకెట్టు భుజం మీదికి లాక్కున్నాను.

"కొలిపించుకోల్యా? పెండ్లయిన కాన్నించి?" అని తనలో తాను తల ఊపుకుంది. "శుక్కురారం నాతో అబ్బాసియాకు రా. మామాను నేను అడుగుతా. దొరసానమ్మనైనా టేపు కరవదులే."

మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో ఒక పాత భవనం మూడో అంతస్తులో, ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడది గోదావరి వైపు. పరదా వేసి, నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టింది. నా జీవితంలో మొదటిసారి ఒకరు నా ఒంటిచుట్టూ టేపు వేశారు. నేను సీలింగు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను.

"అలా బిగుసుకుపోతే ఎలాగండీ? ఊపిరి వదలండి. నేనేం మిమ్మల్ని వేలం వేయట్లేదు" అన్నదావిడ. రొమ్ముల కింద ఒకసారి, వాటి మీదుగా ఒకసారి కొలిచింది. "ముప్పై ఆరని మీకెవరు చెప్పారండీ? అది జాకెట్టు కొలత. పైన ఎంతుందో అది చూసుకుంటుంది. దీనికి కింద కొలవాలి. బరువంతా కింది పట్టీ మొయ్యాలండి, భుజాలు కాదు. మీ కింది కొలత ముప్పై రెండు. మీ పట్టీ ఎక్కడా ఆనట్లేదు, వేలాడుతోంది. అందుకే మీరు భుజాల దగ్గర బిగిస్తున్నారు. కప్పేమో చిన్నది. మన వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది ఇంతేనండి."

తొమ్మిదిమందిలో నన్ను కలిపింది. ఆ మాట నాకు చేతినొప్పి కన్నా ఎక్కువగా నొప్పించింది. అది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, నిజం.

ఆవిడ చీటీ మీద ముప్పై రెండు అని రాసి, పక్కన రెండు ఇంగ్లీషు డీలు రాసింది. చీటీ చేతిలోకి తీసుకోగానే నేను గుర్తుపట్టాను. వారానికి రెండుసార్లు చూసే గుర్తు అది. మామా బ్రాలు మిషనులో వేయకూడదు. గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతకాలి, పిండకూడదు, ఒక కప్పులో ఇంకో కప్పు మడవకుండా నీడలో ఆరేయాలి. నాలుగేళ్లుగా నేనే ఉతుకుతున్నాను. వాటి లోపలి చీటీ మీద ఉండేది ఇదే అంకె, ఇవే రెండక్షరాలు. నావి మాత్రం బక్కెట్టులో సబ్బుపొడి వేసి బాదేదాన్ని.

కింద వీధిలో నాలుగు దుకాణాలు తిరిగాం. పెట్టెల మీద ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది అని అంకెలే గాని పక్కన అక్షరం లేదు. ముప్పై రెండు అని అడిగితే ఒక దుకాణదారు నా వైపు ఒకసారి చూసి, "అది చిన్నపిల్లలకమ్మా" అన్నాడు. మామా కొనే దుకాణం పెద్ద మాల్‌లో ఉంది. అక్కడ ఒక్కదాని ధర నా జీతానికి అందేది కాదు.

బస్సులో వంటమనిషి సూటిగా చెప్పింది. "మామానే అడుగు. ఏటేటా నీ చేతికే ఇస్తాంది గదా."

"అడగను."

"అడగబాకు. పొయ్యి ఆ ఊర్లోనే గిన్నెలు తోముకుందువు. వాళ్లకైతే నువ్వెవురో బాగా తెలుసు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంకో తొమ్మిది రోజులు ఆగాను. ఆ తొమ్మిది రోజుల్లో చెయ్యి రెండుసార్లు వదిలేసింది. ఒకసారి కత్తి, ఒకసారి కుక్కరు మూత. పదో రోజు మామా గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె మంచం మీద పడుకుని ఫోను చూస్తోంది. అరబ్బీలో వాక్యం ముందే కూర్చుకుని వెళ్లాను. మా తాతగారి ముందు రైతులు అలా నిలబడేవాళ్లని, మాటలు ముందే కూర్చుకుని వచ్చేవాళ్లని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

"మామా, మీరు ఇచ్చే పాత బ్రాలు... ఇప్పుడు ఉంటే నాకు కావాలి."

ఆమె ఫోను మీది నుంచి చూపు తిప్పింది. ఆశ్చర్యం కూడా పెద్దగా లేదు.

"నీకు సరిపోవు కదా? ప్రతి ఏడూ తిరిగి పెట్టేస్తావు. సైజు చాలడం లేదనుకున్నాను."

"సరిపోతాయి మామా."

"మరి ముందే చెప్పవచ్చుగా. ఆ కింది సొరుగులో ఉన్నాయి. యల్లా, కావలసినవి తీసుకో."

సొరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని మూడు తీసుకున్నాను. ఆమె మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది. నాలుగేళ్లు నేను ఆమె మంచం మీద పెట్టింది మా వంశ మర్యాద అనుకున్నాను. ఆమెకు అక్కడ కనిపించింది సైజు చాలని పనిమనిషి. కాదన్నానన్న సంగతే ఆమెకు చేరలేదు. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. ఎగతాళి చేసినా భరించేదాన్ని.

గదిలో తలుపు వేసుకుని వేసుకున్నాను. చివరి హుక్కుకు సరిగ్గా అతికింది. చేతులెత్తినా కింది పట్టీ కదల్లేదు. భుజాల మీద బరువు లేదు. ముప్పై ఏళ్లుగా మోస్తున్నదేదో ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టుంది. అంత హాయిగా ఉండటం నాకు అసహ్యంగా ఉంది. విప్పేద్దామని హుక్కు దాకా చెయ్యి పోనిచ్చి, విప్పలేదు.

మూడు వారాలకు వేళ్లలో చీమలు తగ్గాయి. రంజాన్ సగం గడిచేసరికి ఇస్త్రీ మామూలుగా చేయగలిగాను. భుజాల మీది గాడి మాత్రం పూడలేదు. పూడదని కుట్టే ఆవిడ అంతకుముందే చెప్పింది.

పండగ మూడో రోజు మామా స్నేహితురాళ్లు వచ్చారు. నేను గహ్వా పోస్తున్నాను. మామా నన్ను చూపిస్తూ వాళ్లకు ఏదో వింత చెప్పినట్టు చెప్పింది: "ఈమెదీ నాదీ ఒకటే సైజు, ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు." నాకు అరబ్బీ అంత రాదనుకుంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఒకావిడ నా ఛాతీ వైపు చూసి, మామా వైపు చూసి, పోల్చుకుంది. ఇంకొకావిడ నన్ను కాస్త పక్కకు తిరగమని వేలితో సైగ చేసింది.

తిరిగాను. ఆవిడ గిన్నె నిండా పోశాను. చెయ్యి వణకలేదు. మామా అది గమనించింది.

గడువు తీరేలోపే నా ఇఖామా ఇంకో రెండేళ్లకు వేయించింది.