చేపల బంగళాలో మేనమామ నిర్వాకం

మా అక్క నాతో మాట్లాడి వారం దాటింది. మీరేమో కనపడ్డప్పుడల్లా "బాపట్లలో ఏం చేశావంటోయ్" అని గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. ఊళ్ళో అప్పుడే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకడైతే నేను పెళ్ళికొడుకుని కర్ర పెట్టి కొట్టానన్నాడు! అబద్ధం. కర్ర నిజమే, కొట్టిందీ నిజమే. కొట్టింది మాత్రం పెళ్ళికొడుకుని కాదు. కూచోండి, మొదట్నించీ చెప్తాను. మధ్యలో నవ్వితే మాత్రం లేచిపోతాను.

మా అక్క కూతురు సరోజ తెలుసుగా. పి.యు.సి. పాసైంది, చక్కని పిల్ల. దానికి మూడు సంబంధాలొచ్చి మూడూ తప్పిపోయాయి. ఒకళ్ళకి పిల్ల పొడుగైంది. ఇంకొకళ్ళకి వచ్చేప్పుడు శకునం బాగాలేదంట. మూడోవాళ్ళు రెండుసార్లు అడిగి మరీ జీడిపప్పు ఉప్మా పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ కబురే పంపలేదు. ఆ రోజు సరోజ వంటింట్లో కూచుని ఏడ్చింది. దాన్ని చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని పొలం గట్లన్నీ తిప్పినవాణ్ణి, చూడలేక గొడ్ల సావిట్లోకి పోయి కూచున్నాను.

దాంతో అక్క ఒట్టు పెట్టుకుంది. "ఈసారి పెళ్ళిచూపులు అన్న మాటే ఎత్తొద్దు. ఉప్మా లేదు, బజ్జీ లేదు. ఎక్కడో అనుకోకుండా కలిసినట్టు కలవాలి. కుదిరితే సరి, లేకపోతే ఊళ్ళో ఎవడికీ తెలియదు."

నాలుగో సంబంధం రేపల్లె వాళ్ళది. అబ్బాయి పేరు ప్రభాకరం, బాపట్లలో చేపల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. అక్కడ కొత్తగా ఓ బంగళాలో గాజు తొట్లు పెట్టి, వాటిల్లో చేపల్ని వదిలి జనానికి చూపిస్తున్నారు. ఆ తొట్లన్నీ ఇతగాడి అజమాయిషీలోనే ఉన్నాయి. అంచేత ఏర్పాటేంటంటే, మేం చేపలు చూడ్డానికి వెళ్తాం. అదే రోజు అబ్బాయి తల్లీ తండ్రీ కూడా చేపలు చూడ్డానికి వస్తారు. అక్కడ ఒకళ్ళకొకళ్ళం ఎదురుపడి, "అరె, మీరూ వచ్చారా" అనుకుంటాం. ఇదీ మా అక్క వేసిన ఎత్తు.

మన నందివెలుగులో కూడా అదే చెప్పాం. "చేపలు చూడ్డానికి బాపట్ల దాకా పోవాలా? మన కాలవలో లేవా?" అన్నాడు మా పక్కింటాయన. "అవి గాజులో ఉంటాయండీ" అన్నాడు మా బావ. బావకి అంతకంటే అబద్ధం రాదు.

బయల్దేరే ముందు అక్క నన్ను పక్కకి పిలిచింది. "తమ్ముడూ, మేనమామవి, నువ్వు రాకపోతే బాగుండదు. వస్తే మాత్రం నోరు కట్టేసుకుని ఉండు."

నేను నోరు కట్టేసుకునే ఉన్నాను. చేతుల సంగతి తను ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాటంటే కొట్టడానికొస్తోంది.

సరే, తెనాలి స్టేషనుకి చేరాం. అక్క అంత ఎత్తు వేసింది గానీ రైళ్ళ సంగతి ఆలోచించలేదు. రేపల్లె నించి వచ్చేవాళ్ళు తెనాలిలో దిగాలి, బాపట్ల బండి ఎక్కాలి. మేమూ అదే బండి ఎక్కాలి. రేపల్లె బండి ఆగింది. కొసకి వెండి పొన్ను వేసిన చేతికర్ర పట్టుకుని ఓ పెద్దాయన, ఎర్ర అంచు పట్టుచీర కట్టుకుని ఓ పెద్దావిడ దిగారు. మా బావ వాళ్ళని చూశాడు, వాళ్ళు మమ్మల్ని చూశారు. అందరం ఒక్కసారిగా ఆకాశంకేసి చూశాం.

ఇంకా చోద్యం వినండి. పెట్టె ఎక్కితే ఎదురు బల్లమీద వాళ్ళే! నిండిపోయిన బండి, లేచి వెళ్దామన్నా చోటు లేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్క రెండో కిటికీలోంచి చూస్తోంది. సరోజ ఒళ్ళో చేతులు పెట్టుకుని తలొంచుకుంది. నిడుబ్రోలు దాకా అలాగే కూచున్నాం. ఆ తర్వాత మా బావకి ఆకలేసింది. క్యారియర్ తీశాడు, పులిహోర వాసన పెట్టంతా కమ్మేసింది. ఎదురుగా మనుషులుంటే పెట్టకుండా ఎట్లా తింటాం?

"కాస్త రుచి చూడండి" అన్నాడు బావ, ఆకు ముక్క అందిస్తూ.

"ఎందుకులెండి శ్రమ" అంటూనే ఆయన తీసుకున్నాడు. "ఎంతవరకండీ?"

"బాపట్లండీ. చేపలు చూద్దామని."

"అట్లాగా! మేమూ చేపలకేనండీ."

"మంచిదండీ."

ఆ తర్వాత అందరం మళ్ళీ కిటికీల్లోంచి చూశాం. పెద్దావిడ మాత్రం పులిహోర ఇంకాస్త పెట్టించుకుంది.

స్టేషను నించి రెండు రిక్షాల్లో మేం, వెనక ఇంకో రిక్షాలో వాళ్ళు, పెళ్ళి ఊరేగింపులా బంగళాకి చేరాం. లోపల చీకటిగా, చల్లగా ఉంది. గోడల పొడుగునా గాజు తొట్లు, వాటిపైన ట్యూబులైట్లు, నీళ్ళలోకి గాలి కొట్టే మిషను బుడబుడమంటోంది. మొదటి తొట్లో ఎర్రవి, పసుప్పచ్చవి వేలెడంత చేపలు తిరుగుతున్నాయి. ఎన్ని కలిపితే ఓ చట్టెడు పులుసవుద్దా అని నాలో నేను లెక్కేసుకుంటుంటే అక్క గిల్లింది. పైకి ఒక్క ముక్క అన్లేదండీ! నా మొహం చూసి కనిపెట్టేసింది.

అప్పుడొచ్చాడు ప్రభాకరం. తెల్లటి టెరిలిన్ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నున్నగా దువ్విన క్రాపు. వాళ్ళ నాన్నని చూసి, "ఏంటి నాన్నా, అనుకోకుండా వచ్చారే!" అన్నాడు. అప్పజెప్పిన పాఠంలా ఉంది. ఆయన, "దార్లో వీళ్ళు కలిశారు, నందివెలుగు వాళ్ళంట" అని మమ్మల్ని చూపించాడు. ఇహ ప్రభాకరం ప్రతి తొట్టి దగ్గరా ఆగి చేపల పేర్లు, అవి తినేవి, అవి పెట్టే గుడ్లు అన్నీ చెప్పడం మొదలెట్టాడు. చెప్పేది మాకు, చూసేది సరోజని. అది తల ఎత్తితే కదా! పాపం, చేపల గురించి అతను అరగంట చెప్పినా అది చూసింది అతని చెప్పుల్ని.

అన్నిటికంటే చివర పెద్ద తొట్టి. అందులో ఒకే ఒక్క చేప. కొరమేను! మూరెడు పొడుగు, నల్లగా నిగనిగలాడుతోంది. నాకు నోట్లో నీళ్ళూరాయి, దాచిపెట్టడమెందుకు.

"వీడు గోపాలం" అన్నాడు ప్రభాకరం, గొంతు మార్చి. "అగ్గిపుల్లంత ఉన్నప్పట్నించీ నేనే పెంచాను. నా చేత్తో పెడితే తప్ప తినడు."

ఎద్దుకి పేరు పెడతాం, ఆవుకి పెడతాం. కూరకి పేరు పెట్టినవాణ్ణి అప్పుడే చూశాను.

ఇక్కడ మీరు నా వైపు నించి కూడా కాస్త ఆలోచించాలి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మడుగుల్లో చేపలు పట్టడంలో మన ఊళ్ళో నన్ను మించినవాడున్నాడా? బురదలో చెయ్యి పెట్టి తడమడం, కొరమేను తగిలితే మెడకాడ నొక్కిపట్టడం, గట్టుమీదకి రాగానే మాడు మీద ఒక్కటివ్వడం, మొప్పల్లోంచి తాటినార దూర్చి వేలాడదీయడం. అంతా చిటికెలో అయిపోవాలి. కాస్త ఆలస్యం చేశామా, మళ్ళీ బురదలోకి జారిపోద్ది. గోచీ పెట్టుకున్నప్పట్నించీ ఇదే పని. అక్కడ ఆలోచించేది నేను కాదు, నా చేతులు.

ప్రభాకరం తొట్టిమీద జల్లెడ మూత పక్కకి జరిపాడు. చేత్తో మేత పెట్టడం సరోజకి చూపించాలని ఆ చేపని రెండ్రోజుల్నించి పస్తు పెట్టాడంట. "ఎవరూ చప్పుడు చెయ్యకండి, బెదురుతాడు" అన్నాడు.

నేను చప్పుడు చెయ్యలేదు. ముద్దొచ్చి, ఉంగరం వేలితో గాజుమీద ఇలా రెండుసార్లు టకటకమనిపించానంతే.

గోపాలం ఎగిరాడు! నీళ్ళలోంచి అంతెత్తున లేచి, ప్రభాకరం టెరిలిన్ చొక్కాకి తగిలి, వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర దభీమని పడ్డాడు. ఆవిడ "అయ్యో పామురోయ్" అని కేకేసి పక్కనున్న స్టూలెక్కేసింది. మా బావ కళ్ళు మూసుకున్నాడు. కొరమేను నేలమీద టపటప కొట్టుకుంటూ గుమ్మం వైపు పాకుతోంది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. చూసినవాళ్ళు చెప్పింది చెప్తున్నాను. పెద్దాయన చేతిలో వెండి పొన్ను కర్ర ఉంది కదా, దాన్ని లాగేసుకున్నానంట. ఆయన తూలి మా బావ మెడ పట్టుకున్నాడంట. నేను ఒక్క దూకు దూకి, గోపాలాన్ని మెడకాడ నొక్కిపట్టి, మాడు మీద ఒక్కటిచ్చాను. ఠాప్!

కదలడం మానేసింది. ఇహ నార కావాలి. చుట్టూ చూశాను. వాళ్ళకిద్దామని అక్క తెచ్చిన మిఠాయి పొట్లం తన చేతిలోనే ఉంది, దానికి మంచి పురికొస చుట్టి ఉంది. సర్రున లాగేశాను. మొప్పల్లోంచి నోట్లోకి దూర్చాను, ముడేశాను, వేలికి తగిలించుకుని పైకెత్తి పట్టుకున్నాను. అప్పుడిహ నోటికి కట్టిన కట్టు కూడా తెగిపోయింది.

"అక్కా! తూస్తే వీశెకి తక్కువుండదే! పులుసు పెడతావా, ఇగురు చేస్తావా?"

బుడబుడ, బుడబుడ. మిషను మాత్రం తన పని తను చేసుకుంటోంది.

అప్పుడు తెలివొచ్చింది నాకు. ప్రభాకరం మొహంలో నెత్తురుచుక్క లేదు. వాళ్ళమ్మ స్టూలు మీద. వాళ్ళ నాన్న మా బావ మెడ వదలకుండా నన్నే గుడ్లప్పగించి చూస్తున్నాడు. అక్క చేతిలో పొట్లం విచ్చుకుని మిఠాయిలు ఒక్కొక్కటే నేలమీద పడుతున్నాయి. "కొంప ముంచావు కదరా" అంది. నాకు ఏడుపొచ్చిందంటే నమ్మండి. నాలుగో సంబంధం. ఈసారి ఎవళ్ళో కాదు, ఎత్తుకు తిప్పిన మేనమామే చెడగొట్టాడు.

ప్రభాకరం మోకాళ్ళమీద కూలబడి, "గోపాలం... గోపాలం..." అంటున్నాడు.

అంతవరకూ తలెత్తని సరోజ అప్పుడు ఎత్తింది. ఎత్తడమేంటి, చీర కుచ్చిళ్ళు దోపుకుని నా మీదకి వచ్చింది. "మామయ్యా! ముందు ఆ పురికొస తియ్యి! నిన్ను తీసుకురావొద్దనే అన్నాను అమ్మతో!" అని నా చేతిలోంచి చేపని లాక్కుంది. అటు తిరిగి ప్రభాకరాన్ని కూడా వదల్లేదు. "ఏడుస్తారేంటండీ? కొరమేను ఒక్క దెబ్బకి చస్తుందా? బేసిన్ తెండి. నీళ్ళు తక్కువ పొయ్యండి, పైకొచ్చి గాలి మింగే చేప, మునిగితే ఊపిరాడదు దానికి!"

"తెలుసండీ" అన్నాడతను. "తెలుసు గానీ చేతులు ఆడట్లేదండీ."

"కాళ్ళు ఆడుతున్నాయిగా, పరిగెత్తండి!"

పరిగెత్తాడు. బేసిన్ తెచ్చాడు. ఇద్దరూ దానికి చెరోపక్క కూచుని గోపాలాన్ని నీళ్ళలో పడుకోబెట్టి, తిన్నగా పట్టుకున్నారు. చుట్టూ మేమందరం, ఆస్పత్రి వార్డులో చుట్టాల్లా. అనుకోకుండా కలిసినవాళ్ళం అన్న సంగతి అందరం మర్చేపోయాం. పెద్దావిడ స్టూలు దిగి అక్క పక్కన కూచుని, "మీ అమ్మాయి వంట చేస్తుందా వదినా?" అంది. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "పొద్దున మీరు తిన్న పులిహోర దాని చేతిదే వదినా" అంది. పొట్లం ఎలాగూ విప్పేశాను కదా, మిగిలిన మిఠాయి అందరూ తలో ముక్కా నోట్లో వేసుకున్నారు. నాకెవరూ పెట్టలేదు.

చాలాసేపటికి గోపాలం మొప్ప ఒకటి కదిలింది. తర్వాత రెండోది. ఆఖరికి తల పైకెత్తి గుటుక్కున గాలి మింగాడు. ప్రభాకరం, సరోజ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి నేను మిషను పక్కకి వెళ్ళి మొహం కండువాతో తుడుచుకున్నాను. నీళ్ళు చిందాయని చెప్పాను.

తిరుగు బండిలో కూడా అందరం ఒకే పెట్టెలో కూచున్నాం. ఈసారి కబుర్లే కబుర్లు. పెద్దాయన మాత్రం నాకు దూరంగా జరిగి కూచున్నాడు. తెనాలి వచ్చిందాకా చేతికర్రని రెండు చేతులా గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

మొన్న మా బావ తాంబూలాల సంగతి మాట్లాడ్డానికి రేపల్లె వెళ్ళొచ్చాడు. పిల్ల నచ్చింది, మాట ఖాయం చేసుకుందాం అన్నారంట. నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. మరి మన వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి పీటలదగ్గరికి మోసుకొచ్చేది మేనమామే కదా! సరోజకి ఉన్న మేనమామని నేనొక్కణ్ణే. కొత్త పంచె కూడా కొనేశాను.

ఆ మాటే బావ వాళ్ళతో అన్నాడంట, "గంప మోసేది మా బావమరిదేనండీ" అని. పెద్దాయన దగ్గాడంట. పెద్దావిడ మాత్రం ఇలా అందంట:

"మొయ్యమనండి అన్నయ్యగారూ, కాదనం. గంపలో ఉన్నంతసేపూ కదలొద్దని మాత్రం పిల్లకి గట్టిగా చెప్పండి."